పేరు పెట్టి పిలిచే వైద్యం

ఈ చిన్న పుస్తకానికి పీఠిక రాయవలసిందిగా దీని రచయిత్రి నా ఇంటికి వచ్చి కోరిననాడు ఆమె చేతిలో ఉన్నది అచ్చుకు సిద్ధమైన ప్రతి కాదు. అంచులు నలిగి, కుట్టు విడిపోయి, పాత రిజిస్టరు అట్ట తొడిగి దబ్బనంతో మళ్ళీ కుట్టుకున్న ఒక లాంగు నోట్‌బుక్కు అది. ముప్పయి రెండేళ్ళు రైల్వే వైద్యశాలల్లో నర్సుగా సేవచేసి, పదవీ విరమణ తరువాత కూడా చేతి సంచిలో బీపీ మిషను లేకుండా గడప దాటని ఆమె, తన పేరు అట్ట మీద ఉండవచ్చు గాని పీఠికలో పొగడ్తల నడుమ మాత్రం కనిపించరాదని నాకు షరతు పెట్టారు. వయసులో పెద్దవాణ్ణయినా ఆ షరతుకు తలవంచి, మా కాలనీలో మూడు తరాలవారు ఆమెను పిలుచుకునే తీరుగానే సిస్టరమ్మ అని ఇక్కడ ప్రస్తావిస్తున్నాను. పాఠక మహాశయులు కాసేపు నా పక్కన ఆసీనులు కండి. ఈ గ్రంథం పుట్టిన నేల ఎట్టిదో, దీనికి మూలమైన దుఃఖం ఎట్టిదో, దీని వెనుకనున్న శ్రమ ఎంతటిదో నాలుగు మాటలు చెప్పి, ఆపైన దీన్ని మీ చేతికి అప్పగిస్తాను.

గ్రంథవిషయం ఏమిటంటే, యుక్తవయస్సు దాటిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు, అంటే పుట్టిననాడు పెద్దలు మగబిడ్డ అనో ఆడబిడ్డ అనో రాయించిన రాతకూ తమ అంతరంగానికీ పొత్తు కుదరనివారు, ఒంట్లో నలతగా ఉండి వీధి మొగదల డాక్టరుగారి వద్దకు వెళ్ళినప్పుడు ఏయే హక్కులతో ఆ గడప తొక్కుతారు, గడపకు ఆవలనున్న వైద్యుడు వారికి ఏయే విధాల బాధ్యుడు అన్నది. మహానగరాల్లోని పెద్దాసుపత్రుల గురించి, శస్త్రచికిత్సల గురించి, న్యాయస్థానాల తీర్పుల గురించి రాసినవారున్నారు. సాయంత్రం ఆరింటికి షట్టరెత్తి, ముప్పయి మందిని చూసి, ఎనిమిదిన్నరకు దించేసే చిన్న దవాఖానా గురించి, అందులోని చెక్కబెంచీ గురించి, చీటీ రాసే కాంపౌండరు గురించి మన భాషలో ఇంత శ్రద్ధతో రాసినదాన్ని నేను చదవలేదు. మనిషి జీవితంలో రోగాలు చాలావరకు మొదట చేరేది ఆ బెంచీ మీదికే కదా!

మా బిలాస్‌పూర్ రైలు కట్టిన ఊరు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే వారి నాగ్‌పూర్–అసన్‌సోల్ మార్గం 1891లో పూర్తయింది మొదలు ఈ అర్పా నది ఒడ్డున బొగ్గుపొగ, ఇంజను కూత, షిఫ్టు గంట అన్నవే కాలాన్ని కొలిచేవి. 1931లో రాయపూర్–విజయనగరం మార్గం కలిసిన పిదప శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ సీమల నుండి మనవాళ్ళు గ్యాంగుమన్లుగా, ఫైర్‌మన్లుగా, ఫిట్టర్లుగా తరలివచ్చి, బుధ్వారీ బజారు చుట్టుపట్ల క్వార్టర్లలో కాపురాలు పెట్టి, సోలాపురి మాత పూజకు పసుపునీళ్ళు మోసుకుంటూ, పిల్లలకు హిందీ బడిలోనూ ఇంట్లో తెలుగులోనూ అక్షరాలు దిద్దించుకుంటూ వచ్చారు. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు ఇది కేంద్రస్థానమయ్యేనాటికి మా ఇళ్ళల్లో నాలుగో తరం నడుస్తున్నది. ఊరికి దూరమైన కొద్దీ ఊరి మర్యాదను మరింత గట్టిగా పట్టుకోవడం ప్రవాసుల స్వభావం. ఆ పట్టు వల్ల మన భాష నిలిచింది, మన పండుగలు నిలిచాయి. ఆ పట్టు వల్లనే, కట్టు తప్పినట్టు కనిపించిన బిడ్డను ఇంటి నుండి వెళ్ళగొట్టడమూ మన క్వార్టర్లలో సులభమైపోయింది. ఇది చెప్పక తప్పదు.

శబ్దచరిత్ర తెలిసినవారికి ఇందులో ఒక ఆశ్చర్యం ఉన్నది. అమరసింహుడు తన కోశంలో మనుష్యవర్గం రాస్తూ తృతీయాప్రకృతి అన్న పదానికి చోటిచ్చాడు. మనుష్యవర్గంలో ఇచ్చాడన్నది గమనించవలసిన సంగతి. తిక్కన సోమయాజి విరాటపర్వంలో బృహన్నలను విరటుని కొలువుకు తెచ్చి రాకుమారికి నాట్యగురువును చేసినప్పుడు ఆ పాత్రకు గాంభీర్యం లోపించనివ్వలేదు. అట్టి వాఙ్మయానికి వారసులమైన మనం వీధిలో వాడే మాటలేమో, ఈ పీఠికలో రాయడానికి నా కలం ఒప్పుకోని మాటలు. నడుమ పరాయి ప్రభుత్వం 1871లో నేరజాతుల చట్టం తెచ్చి, హిజ్రాలను పోలీసు రిజిస్టర్లకు ఎక్కించింది. నిజాం రాజ్యంలో 1329 ఫసలీ నాటి చట్టమూ అదే బాట పట్టింది. దాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టివేసింది 2023 జూలైలో. శతాబ్దం పాటు ఒక సమూహాన్ని దొంగల పద్దులో రాసి ఉంచితే, ఆ రాత చట్టం పోయినా కాంపౌండరు కళ్ళల్లో మిగిలే ఉంటుంది.

ఇక నా సంగతి ఒకటి చెప్పుకోవాలి. నేను ముప్పయ్యారేళ్ళు తెలుగు, సంస్కృతం బోధించినవాణ్ణి. తొమ్మిదో తరగతిలో హాజరు పిలిచేటప్పుడు ఒక విద్యార్థి తన పేరుకు బదులు పలికేవాడు కాదు. చెయ్యి మాత్రం ఎత్తేవాడు. అవిధేయత అనుకొని నేను ప్రతిరోజూ ఆ పేరును మరింత బిగ్గరగా పిలిచి, నిలబెట్టి, నోటితో జవాబు చెప్పించేవాణ్ణి. పదిహేనేళ్ళ తరువాత ఒక దీపావళి మర్నాడు, ముదురాకుపచ్చ నేత చీర కట్టుకున్న ఒక యువతి మా గుమ్మంలో నిలబడి, "మాస్టారూ, ఆశీర్వదించండి" అన్నది. గొంతును బట్టి పోల్చుకున్నాను. శబ్దమంజరి ఇంకా కంఠస్థంగా ఉన్నదని మూడు విభక్తులు చెప్పి నవ్వింది. ఆనాడు హాజరులో ఎందుకు పలికేదానివి కావని నేను అడగలేదు. ఆ జవాబు నాకు అప్పటికే తెలిసిపోయింది. పిలుపు ఎంత గాయం చెయ్యగలదో విభక్తి ప్రత్యయాలన్నీ తెలిసిన నాకు తెలియకపోవడం నా విద్యలోని లోపంగానే నేటికీ భావిస్తున్నాను.

ఆమెకే రెండేళ్ళ కిందట వానాకాలంలో వారం రోజులు జ్వరం వచ్చింది. తోడు రమ్మంటే వెళ్ళాను. ఏ దవాఖానా అన్నది ఇక్కడ అప్రస్తుతం. చీటీ రాసే కుర్రవాడు ఆధార్ కార్డు చూసి, ముఖం చూసి, మళ్ళీ కార్డు చూసి, పు అని ఉన్న గడిలో సున్నా చుట్టాడు. ఆమె తన పేరు నెమ్మదిగా చెప్పింది, అతను రాయలేదు. బెంచీ మీద మా పక్కన కూర్చున్న ఇల్లాలు తన సంచిని ఇటు నుండి అటు మార్చుకున్నది. ఇరవై నిమిషాలకు లోపలి నుండి పాత పేరు, ఇంటిపేరుతో సహా, గదంతా వినబడేలా వచ్చింది. ఆమె లేవలేదు. రెండోసారి పిలిచారు. మూడోసారి పిలిచి, రాలేదు కాబోలు అంటూ తరువాతి నంబరు వారిని లోపలికి పంపారు. ఆమె ఆ చీటీని నాలుగు మడతలు పెట్టి పర్సులో దాచుకొని, "ఎల్లిపోదాం మాస్టారూ, కాళ్ళు లెగడం లేదండి" అన్నది. జ్వరం నూటమూడు. నా చేతికి ఆ వేడి తగులుతూనే ఉన్నది. ఆ రాత్రి ఆమెను సిస్టరమ్మ ఇంటికి తీసుకువెళ్ళాను. తలుపు తీసిన సిస్టరమ్మ మొదట అడిగినది, "అమ్మా, నీ పేరేమిటి?" అని.

ఈ గ్రంథంలోని మొదటి అధ్యాయం ఆ ప్రశ్నతోనే ఆరంభమవుతుంది. తక్కిన అధ్యాయాలన్నీ దానికి భాష్యం అనవచ్చు.

చట్టభాగాన్ని రచయిత్రి కడు జాగ్రత్తతో కూర్చారు. 2014 ఏప్రిల్ 15న జాతీయ న్యాయ సేవల ప్రాధికార సంస్థ (నల్సా) వ్యాజ్యంలో న్యాయమూర్తులు కె.ఎస్. రాధాకృష్ణన్, ఎ.కె. సిక్రీలతో కూడిన సుప్రీంకోర్టు ధర్మాసనం తన లింగాన్ని తాను నిర్ణయించుకునే అధికారం వ్యక్తిదేనని చెప్పి, ఆసుపత్రులలో ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు తగిన వైద్యం అందించవలసిందిగా కేంద్ర రాష్ట్ర ప్రభుత్వాలను ఆదేశించింది. 2019లో పార్లమెంటు చేయగా 2020 జనవరి 10 నుండి అమలులోకి వచ్చిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం మూడో సెక్షనులో వైద్యసేవను నిరాకరించడం, మధ్యలో ఆపివేయడం, సేవలో అన్యాయంగా ప్రవర్తించడం అనే మూడింటినీ నిషేధించింది. ఈ మూడో మాటను రచయిత్రి పట్టుకున్న తీరు నాకు బహుధా నచ్చింది. గెంటివేస్తేనే నిరాకరణ అనుకునేవారికి ఆమె చెప్పేదేమంటే, లోపలికి రానిచ్చి, నాడి పట్టకుండా, స్టెతస్కోపు ఆనించకుండా, రెండడుగుల దూరం నుండి మందు రాసి పంపడమూ అన్యాయ ప్రవర్తనే.

పదిహేనో సెక్షను వైద్యవిద్యా ప్రణాళికను సమీక్షించే బాధ్యతను, హార్మోను చికిత్సకూ శస్త్రచికిత్సకూ ముందూ వెనుకా సలహా సదుపాయం కల్పించే బాధ్యతను, బీమా ఏర్పాటు చేసే బాధ్యతను ప్రభుత్వానికి అప్పగించింది. అయితే సిస్టరమ్మ చట్టాన్ని పూజించరు, చదువుతారు. మూడో సెక్షను తప్పు అని చెప్పినదానికి శిక్ష ఏమిటో ఆ సెక్షను చెప్పదనీ, పద్దెనిమిదో సెక్షనులో ఆరు నెలల నుండి రెండేళ్ళ వరకు శిక్షించదగిన నేరాలలో మాటలతో, మనస్సును గాయపరిచి హింసించడం ఉన్నది గాని, చికిత్స నిరాకరణ పేరెత్తి లేదనీ ఆమె దాచకుండా రాశారు. హక్కు ఎంతవరకు ఉన్నదో తెలిసినవాడే దాన్ని నిలబెట్టుకోగలడని ఆమె అభిప్రాయం. నాదీ అదే.

వైద్యుని పక్షాన్నీ ఆమె విస్మరించలేదు. 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమావళి ప్రకారం అడిగిన ప్రతివారికీ వైద్యం చేసి తీరాలన్న నిర్బంధం ప్రైవేటు వైద్యునికి లేదు; కానీ ప్రాణాపాయ సమయంలో కాదనరాదు. ఈ మొదటి వాక్యాన్ని అడ్డం పెట్టుకొని ఒక మనిషిని మనిషి అయినందుకే కాదనవచ్చునా అంటే, 2019 చట్టం వచ్చిన తరువాత కాదనరాదన్నది ఆమె సమాధానం. హెచ్‌ఐవీ పరీక్ష గురించి రాసిన పేజీలు ప్రతి దవాఖానా గోడకూ అంటించదగినవి. జలుబుకు వచ్చిన హిజ్రాకు చెప్పకుండా ఆ పరీక్ష రాసి రక్తం తీయించడం మన ఊళ్ళలో అలవాటైపోయింది. 2017లో వచ్చి 2018 సెప్టెంబరు 10 నుండి అమలైన హెచ్‌ఐవీ చట్టం మేరకు, విషయం వివరించి సమ్మతి తీసుకోకుండా ఆ పరీక్ష చేయరాదు, ఫలితాన్ని ఇతరులకు చెప్పరాదు. జ్వరానికి వచ్చిన మనిషి ఏ సర్టిఫికెట్టూ చూపించనక్కరలేదు. గొంతునొప్పికి వచ్చిన మనిషి చీర విప్పనక్కరలేదు. ఇంత సూటిగా రాయడానికి నర్సు కావాలి. పండితునికి ఇది చేతకాదు.

అన్నిటికన్న మిన్నగా నన్ను కదిలించినది గోప్యతను గురించిన అధ్యాయం. కుటుంబ వైద్యుడంటే మనలో ఎవరు? తాతకు ఆయాసం, నాన్నకు షుగరు, అమ్మకు మోకాళ్ళు చూసినవాడు; పెళ్ళి శుభలేఖ మొదట అందుకునేవాడు; సంక్రాంతికి అరిసెలు వెళ్ళేది ఆయన ఇంటికే. ఆ ఆత్మీయతే ఇక్కడ కత్తిగా మారుతుంది. ఇరవై నాలుగేళ్ళ యువకుడు తలుపు దగ్గరగా వేసి, "డాక్టరుగారూ, నేను అబ్బాయిని కానండి" అని జీవితంలో మొదటిసారి నోరు విప్పితే, ఆ సాయంత్రమే డాక్టరుగారు అతని తండ్రికి ఫోను చేసి, మీవాణ్ణి ఒకసారి కనిపెట్టి చూడండి అంటాడు. మేలు చేస్తున్నాననే అనుకుంటాడు. ఆ రాత్రి ఆ ఇంట్లో ఏమి జరిగిందో ఆ డాక్టరుకు తెలియదు. పద్దెనిమిదేళ్ళు నిండినవారి రహస్యానికి స్వామి ఆ వ్యక్తే, తల్లిదండ్రులు కారు. ఇది పడమటి దేశాల నుండి వచ్చిన కొత్త నీతి అనుకునేవారు చరకసంహిత విమానస్థానంలోని ఎనిమిదో అధ్యాయం చూడవచ్చు. రోగి గృహంలో ప్రవేశించిన వైద్యుడు ఆ గృహవృత్తాంతాన్ని బయటికి పొక్కనీయరాదని శిష్యునిచేత అగ్నిసాక్షిగా ప్రతిజ్ఞ చేయించాడు ఆచార్యుడు. అదే ప్రతిజ్ఞలో రాజుకూ పెద్దలకూ ద్వేషపాత్రులైనవారికి చికిత్స చేయరాదన్న మాటా ఉన్నది. పూర్వులు ఇచ్చినదాంట్లో మొదటిదాన్ని శిరసావహించి, రెండోదాన్ని వదిలివేయడమే వారసుల వివేకం.

కొందరు వైద్యులు ట్రాన్స్‌జెండర్‌గా ఉండడం మనోవ్యాధి అనే నేటికీ నమ్ముతున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణ పదకొండవ కూర్పును 2019లో ఆమోదించి 2022 జనవరి 1 నుండి అమలు చేస్తూ, దీన్ని మానసిక రుగ్మతల అధ్యాయం నుండి తొలగించింది. మద్రాసు హైకోర్టులో న్యాయమూర్తి ఎన్. ఆనంద్ వెంకటేశ్ 2021 జూన్ 7న ఇచ్చిన ఉత్తర్వులను అనుసరించి, జాతీయ వైద్య కమిషన్ 2022లో ఇట్టివారిని మార్చివేస్తామనే చికిత్సను వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా పేర్కొంటూ రాష్ట్ర వైద్య మండళ్ళకు రాసింది. మందులతో మార్చుతామని, షాకులతో మార్చుతామని, భూతవైద్యుని దగ్గర తాయెత్తు కట్టించుకు వస్తే సరిపోతుందని చెప్పే తెల్లకోటు వారెవరైనా తారసపడితే పాఠకులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

వైద్యశాస్త్ర భాగం నా అధికారానికి మించినది కనుక ముగ్గురు వైద్యులచేత పరిశీలింపజేసిన మీదటనే అచ్చుకు పంపారని మాత్రం చెప్పి, నాకు బోధపడిన రెండు మూడు విశేషాలు మనవి చేస్తాను. అవయవం ఉన్నచోట దాని సంరక్షణ ఉండాలి అన్నది ఆమె సూత్రం. స్త్రీగా జీవిస్తున్న వృద్ధురాలికి ప్రోస్టేటు గ్రంథి ఉంటే దాన్ని కనిపెట్టి ఉండాలి. పురుషునిగా జీవిస్తున్నవారికి గర్భాశయముఖం ఉంటే పాప్ పరీక్ష చేయాలి. గడ్డం ఉన్న మనిషి స్త్రీవైద్యుల గది ముందు కూర్చోవడానికి సిగ్గుపడి ఆ పరీక్ష మానుకుంటే, ఆ మానుకోవడంలో మనకూ భాగముంది. మందుల దుకాణంలో చీటీ లేకుండా దొరికే గర్భనిరోధక మాత్రలను రోజుకు నాలుగూ ఐదూ మింగి శరీరాన్ని మార్చుకోవాలనుకునే పిల్లలు మన చుట్టూ ఉన్నారు. అందులోని ఈస్ట్రోజెను వల్ల కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉన్నది. పొగ తాగేవారికి మరీను. సికిల్ సెల్ వ్యాధి విస్తారంగా ఉన్న ఈ ఛత్తీస్‌గఢ్ సీమలో ఆ వ్యాధి పరీక్ష చేయించకుండా ఈ మందులు వాడడం రెట్టింపు అపాయం. ఆ వ్యాధి నిర్మూలనకు జాతీయోద్యమాన్ని 2023 జూలై 1న ఆరంభించినది మన రైల్వే డివిజనులోని శహడోల్‌లోనే అని గుర్తుచేస్తూ, అక్కడ రక్తం తీసే వరుసలో వీరికీ చోటుండాలని ఆమె కోరుతున్నారు. తిట్టి పంపితే ఆ పిల్లలు మాత్రలు మానరు, చెప్పడం మానుతారు. ఈ ఒక్క వాక్యం కోసమైనా ఏ వైద్యుడైనా ఈ పుస్తకం కొనవచ్చును.

వైద్యుల మరొక అలవాటు గురించీ రాశారు. పొట్టలో నొప్పి అని వెళ్ళినా, మెట్ల మీద జారి మణికట్టు విరిగినా, మీరు వాడే హార్మోన్ల వల్లే అని తేల్చివేసి, దాన్ని గురించే అరగంట ప్రశ్నించి, విరిగిన చేతిని మరచిపోవడం.

గ్రంథరచన వెనుకనున్న శ్రమ గురించి చెప్పకపోతే నా కలానికి దోషం. పదకొండేళ్ళుగా, ఆదివారం మధ్యాహ్నం పూట, తన వంటింటి పీట మీద కూర్చోబెట్టి, టీ ఇచ్చి, అడిగి, విని, వారు సరేనన్నది మాత్రమే రాసుకుంటూ వచ్చారామె. రైళ్ళలో చప్పట్లు కొట్టి బతికేవారు వచ్చారు, కాల్ సెంటరులో పనిచేసేవారు వచ్చారు, క్వార్టరులో ఇంకా కొడుకుగానే చలామణి అవుతూ తండ్రి రైల్వే వైద్యకార్డు మీద కొడుకు అన్న మాట చూసి వెనుదిరిగేవారూ వచ్చారు. ఒక్కరి పేరూ, ఊరూ గ్రంథంలో లేవు. నోట్‌బుక్కులోనూ అసలు పేర్లుండవు. ప్రతివారికీ ఒక పువ్వు పేరు పెట్టుకున్నారు. ఎవరు ఏ పువ్వో నాకూ చెప్పలేదు. గోప్యతను గురించి రాసిన మనిషి గోప్యతను ఎట్లా పాటించారో చూపడానికే ఈ సంగతి ఇక్కడ ఉంచాను.

ఇట్టి రచనకు మనలో వంశం లేకపోలేదు. హిజ్రా రచయిత్రి రేవతి ఆత్మకథను 'ఒక హిజ్రా ఆత్మకథ' అన్న పేరుతో తెలుగు చేసి పి. సత్యవతిగారు 2019 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం పొందారు. ఆ గ్రంథం మన పాఠకుని హృదయద్వారం తెరిచింది. ఇది దవాఖానా ద్వారం వద్ద నిలబడి తలుపు తడుతున్నది. అవతలివైపు నుండి ఆ తలుపు తీసినవారూ మన తెలుగు నేలలోనే ఉన్నారు. ట్రాన్స్‌జెండర్ మహిళలైన డాక్టర్ ప్రాచీ రాథోడ్, డాక్టర్ రూత్ జాన్‌పాల్ 2022 చివర హైదరాబాదు ఉస్మానియా ఆసుపత్రిలో మెడికల్ ఆఫీసర్లుగా ప్రభుత్వ సేవలో చేరారు. మన డివిజనులోని రాయగఢ్‌లో, హావ్‌డా–ముంబయి రైళ్ళలో పాడుకుంటూ బతికిన ట్రాన్స్‌జెండర్ మహిళ మధు కిన్నర్ 2015 జనవరిలో స్వతంత్ర అభ్యర్థిగా నిలబడి నగర మేయరుగా గెలిచారు. 2021లో ఛత్తీస్‌గఢ్ పోలీసు శాఖ పదముగ్గురు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను కానిస్టేబుళ్ళుగా తీసుకున్నది. ఓటు వేసి మేయరును చేయగలిగిన ప్రజలకు, ఒక చీటీ మీద సరైన పేరు రాయడం కష్టం కాబోదు.

హైదరాబాదులో 2021లో ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల కోసమే ప్రత్యేకంగా తెరిచిన మిత్ర్ క్లినిక్ అమెరికా నిధులు ఆగినందున 2025 జనవరిలో మూతబడి, కొన్ని నెలల తరువాత వేరే పేరుతో, వేరే దాతల అండతో మళ్ళీ తెరుచుకున్నది. ప్రత్యేక దవాఖానాలు ఉండాలి; కానీ దాత చేయి వెనక్కు తీస్తే అవి ఆగుతాయి, పైగా బిలాస్‌పూర్ నుండి హైదరాబాదు ఒక రాత్రి ప్రయాణానికి పైమాటే. ఆయుష్మాన్ భారత్ కింద ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు ఏటా 5 లక్షల రూపాయల వైద్యబీమా కల్పించాలని 2022 ఆగస్టులో ఒప్పందం కుదిరింది; అదీ ఆసుపత్రిలో మంచం ఎక్కినవారికి అక్కరకు వచ్చేది. మంచం ఎక్కకుండా కాపాడవలసినవాడు వీధి వైద్యుడే. రచయిత్రి దృష్టి అంతా అతని మీద నిలపడానికి కారణమిదే, అది సరైన దృష్టి అని నా తీర్పు.

గ్రంథంలో లోపాలు లేవని అనను. పురుషులుగా జీవించే ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల గురించి వచ్చిన పుటలు తక్కువ. వారు ఆదివారం టీకి అంతగా రాలేదని రచయిత్రే ఒప్పుకున్నారు. పల్లెల్లో డిగ్రీ లేని వైద్యుల చేతిలో జరిగేదాని గురించి మరొక అధ్యాయం ఉండవలసింది. భాష కొన్నిచోట్ల హిందీ వాసన వేస్తుంది. ఇది మా ఊరి తెలుగు సహజగుణం, దిద్దబోయి మానుకున్నాను. మలికూర్పులో మొదటి రెండు కొరతలూ తీరుతాయని ఆశిస్తాను.

పాఠకులకు ఒక మనవి. ఇది అల్మారాలో పెట్టుకునే పుస్తకం కాదు. రెండు ప్రతులు కొనండి. ఒకటి మీ ఇంట ఉంచుకొని, రెండోది ఈసారి మందు చీటీ కోసం వెళ్ళినప్పుడు మీ డాక్టరుగారి బల్ల మీద పెట్టి, పన్నెండో పుట చూడవలసిందిగా కోరండి. ఆ పుటలో చీటీ నమూనా ఒకటి అచ్చువేశారు. అందులో వయసు గడికన్నా, ఫీజు గడికన్నా పైన, మిమ్మల్ని ఏ పేరుతో పిలవమంటారు అన్న గడి ఉన్నది.

బిలాస్‌పూర్, ఉగాది.